గిరగిర కోసం గీసిన గీత

ఆ ఉదయం డాక్టరమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పదకొండింటికి కమిటీ వస్తుంది, బల్ల మీద చిట్టెలుకను వదలాలి, అది నాలుగడుగులు తిన్నగా నడవాలి. నడిస్తే ఆమె నాలుగేళ్ల పరిశోధన బతుకుతుంది. లేదంటే లాబ్‌కు తాళం.

ఆ చిట్టెలుక ముద్దుపేరు గిరగిర. పుట్టుకతోనే దానికి చిన్నమెదడులో లోపం. ఎక్కడ వదిలితే అక్కడే ఎడమవైపుకు బొంగరంలా తిరుగుతుంది. కొత్త మందు మొదలెట్టి మూడు వారాలైనా నిన్నటిదాకా తిరుగుతూనే ఉంది.

పదింటికి తాత పంజరం కడగబోయాడు. లాబ్‌లో ఎలుకల ఆలనాపాలనా ఆయనదే.

"అమ్మా, గిరగిర లేదు."

"మూత వెయ్యలేదా తాతా?"

"వేశాననే అనుకున్నా. కంగారు పడకండి, తిరిగే ఎలుక ఎక్కడికి పోతుంది? బల్ల చుట్టూ రెండు మూరలు దాటదు." అని ఊరుకోక, సుద్దముక్కతో నేల మీద గుండ్రంగా గీత గీశాడు.

గీత లోపల వెతుకులాట మొదలైంది. బీరువా జరిపితే రంపపు పొట్టు డబ్బా ఒరిగింది. తాత ఫ్యాన్ ఆపకుండానే చీపురందుకున్నాడు. పొట్టు గాల్లోకి లేచింది. పక్కగది వాళ్లు పొగనుకుని ప్రమాదం గంట మోగించారు. వరండా చివరి ఆఫీసు గదిలో అప్పుడే సంచి పెట్టిన కమిటీ పెద్దాయన అందరితోపాటు బయటికి పరుగెత్తి, అరగంట ఎండలో నిలబడ్డాడు.

తాత గొంతు తగ్గించాడు. "రెండో పంజరంలో దాని తోబుట్టువుందిగా, నిక్షేపంగా నడుస్తుంది. దాన్నే బల్ల మీద వదిలేద్దాం. రెండూ తెల్లవే. చెవి పట్టుకుని నంబరెవరు చూస్తారు?"

డాక్టరమ్మ కళ్లు ఆ రెండో పంజరం మీద ఒక్క క్షణం నిలిచాయి. ఆశ పుట్టింది, సిగ్గూ వేసింది. "వద్దు తాతా. రేపు పసిపిల్లలకు ఇవ్వాల్సిన మందు ఇది."

చెమటలు కక్కుతూ వచ్చిన పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. "క్షమించండి సార్, ఎలుక పోయింది."

"నాలుగేళ్ల పని పోయిందనండి. నా సంచి తెప్పించండి, ఫైలు మూసేద్దాం."

అటెండరు సంచి తెచ్చాడు. పెద్దాయన తెరిచి, కెవ్వుమన్నాడు. ఫైలు మూల కొరుకుతూ తెల్ల చిట్టెలుక! డాక్టరమ్మ దాన్ని పట్టుకుని చెవి నంబరు చూసింది. గిరగిరే.

"ఆఫీసు గది ఇక్కణ్నుంచి అరవై అడుగుల దూరం ఉంటుంది. అంత దూరం తిరుగుతూ వచ్చిందా?" అన్నాడు పెద్దాయన.

"లేదండీ," అన్నాడు అటెండరు. "ఇందాక గంట మోగినప్పుడు చూశా. గోడ వెంట తిన్నగా పోతోంది. గిరగిరైతే తిరగాలి కదా, ఇది వేరేదిలే అనుకున్నా."

పెద్దాయన దాన్ని బల్ల మీద వదిలించాడు. అది తిన్నగా ఫైలు దగ్గరికే నడిచింది. డాక్టరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"ఒక్క ఎలుకతో ఏమీ తేలదు," అని గొణిగాడాయన. "ఇరవై ఎలుకల మీద చూపించండి. ఏడాది గడువిస్తున్నా." కొరకని మూల చూసుకుని సంతకం పెట్టాడు. తాత చప్పుడు కాకుండా కాలితో సుద్దగీత చెరిపేశాడు.

ఆ పూట ఆ భవనంలో గిరగిరా తిరగనిది ఆ ఎలుక ఒక్కటే.