నాశన విధానం: అంతర్గతం

"ఇకమీదట నా శాఖలో విదేశీ పర్యటనలు ఉండవు. విదేశాలే మన ఊరికొచ్చి కొట్లు పెట్టుకున్నాయి. మనం వాటినే పర్యటిస్తాం!" అని శుద్ధాహార శాఖ మంత్రిగారు సోమవారం పొద్దున ప్రకటించారు. వియత్నాం వెళ్లి అక్కడి తిండి అధ్యయనం చేయాల్సిన బృందం విమానం ఎక్కకుండానే, నగరంలోని వియత్నాం శాండ్‌విచ్ కొట్లనూ శాకాహార శాండ్‌విచ్ కొట్లనూ అయిదు రోజుల్లో చుట్టేస్తుందన్నారు. ఏది అసలైన శాకాహారమో తేల్చి దానికి ఆకుపచ్చ ముద్ర వేస్తుందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. టీవీ ముందు కూర్చున్న నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఎందుకంటే మంత్రిగారి వెనక ఫైలు పట్టుకుని నిలబడింది మా అమ్మాయి.

నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను. రాజకీయాలు తెలియవు. నాకు బాగా వచ్చిన పని భయపడటం ఒక్కటే, దాన్ని శ్రద్ధగా చేస్తాను. ఫోన్ ఆగకుండా మోగితే యాక్సిడెంట్ అనుకుంటాను. ఒక్కసారి మోగి ఆగిపోతే, పాపం మాట్లాడే ఓపిక కూడా లేదేమో అనుకుంటాను. అలాంటి నేను ఆ అయిదు రోజులూ మంత్రిగారిని దగ్గరుండి చూశాను. అంతటి మనిషి గురించి పత్రిక చదివే మీ అందరికీ నాలుగు మంచి మాటలు చెప్పకపోతే నాకు కళ్లు పోతాయి.

ముందు మా అమ్మాయి సంగతి. ఆ శాఖలో ఆరేళ్లుగా గుమాస్తా. మెడలో వేలాడే కార్డు మీద దాని పేరు కంటే 'తాత్కాలికం' అన్న మాటే పెద్దది. ఈ యాత్ర సవ్యంగా ముగిస్తే పర్మనెంట్ చేస్తానని మంత్రిగారు మాటిచ్చారు. తేడా వస్తే నెలాఖరుకి ఇంటికే.

దాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, ఆ శాఖ మొత్తంలో పుట్టిన దగ్గర్నుంచీ మాంసం ముట్టనివాళ్లు ఇద్దరే. ఒకరు మంత్రిగారు. ఎన్నికల సభల్లో మైకు పట్టుకుని ఆ మాట చెప్పే గెలిచారు. రెండోది మా అమ్మాయి. మాంసం వాసన తగిలితే చాలు, దానికి కడుపులో తిప్పేస్తుంది. అందుకని దాని ముక్కును శాఖవారి అధికారిక పరికరంగా గుర్తిస్తూ ఉత్తర్వు వచ్చింది.

"అమ్మా, నా ముక్కుకి నంబరు కూడా ఇచ్చారు," అంది మా అమ్మాయి.

"జలుబు చేస్తే ఎలాగే?"

"సర్వీసింగ్‌కి పంపిస్తారట."

నాకు ఆపూట అన్నం సయించలేదు. ప్రతి బృందంలోనూ ప్రజల తరఫున ఒకరు పరిశీలకులుగా ఉండాలని రూలుందట. అయిదు రోజులపాటు పనీపాటా లేని ప్రజలు వాళ్లకు ఎక్కడా దొరకలేదు. అరుగుదల పొడి, వాంతుల మాత్రలు, ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్లు, దగ్గర్లోని ఆసుపత్రుల నంబర్లు సంచిలో వేసుకుని నేనే వెళ్లి ప్రజలనయ్యాను.

మాతో వచ్చినాయన మంత్రిగారి కార్యదర్శి. దేనికైనా 'చిత్తం' అంటారు. ఆఫీసులో అందరూ ఆయన్ని చిత్తంగారనే పిలుస్తారు. దానికీ ఆయన చిత్తం అంటారు.

మంగళవారం మొదటి కొట్టుకి వెళ్లాం. గుమ్మం మీద 'డెలి' అని రాసి ఉంది. అంటే ఏమిటో నాకప్పుడే తెలిసింది. ముందొక అద్దాల బీరువా, వెనక కత్తి పట్టుకున్న మనిషి, కాలు సరిగా ఆనని మూడు బల్లలు. అడిగింది రొట్టెలో కూరి, కాగితం చుట్టి చేతికిస్తారు. ఆ శాండ్‌విచ్ పేరు బాన్ మీ అని కొట్టాయన చెప్పగానే చిత్తంగారు ఉలిక్కిపడి, "బ్యానా? మన సంతకం లేకుండా బ్యాన్ చేసిందెవరు?" అన్నారు. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాం.

చూడ్డానికి ముచ్చటైన వస్తువే. మూరెడు రొట్టె, పైన పెళుసు, లోపల దూది. అందులో పుల్లనీళ్లలో ఊరిన క్యారెట్, ముల్లంగి పోగులు, దోసకాయ చీలిక, కొత్తిమీర కాడలు, పచ్చిమిర్చి చక్రాలు. ఇంతవరకూ అన్నీ ఒకటే. తేడా అంతా నడుమ పెట్టేదానిలోనే ఉంది.

"మెనూలో ఉన్నవన్నీ ఒక్కోటి," అన్నారు చిత్తంగారు.

"మీరొచ్చింది వెజ్ కోసం కదా సార్," అన్నాడు కొట్టాయన. "అది ఒక్కటే. మిగతావి పోర్కు, చికెను. బోర్డు మీద రాసే ఉంది."

"బోర్డు ప్రైవేటు సమాచారం. ప్రభుత్వం స్వయంగా నిర్ధారించుకోవాలి."

మా అమ్మాయి వరసగా వాసన చూసింది. టోఫు, అంటే సోయా పాల పన్నీరు, పెట్టినదానికి ఆకుపచ్చ ముద్ర కొట్టింది. పోర్కు దగ్గరకి రాగానే దాని మొహం ముడుచుకుపోయింది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఎర్ర ముద్ర కొట్టింది. చికెనుకీ అంతే.

"ఎర్రవి ఏం చేస్తారు సార్?" అన్నాడు కొట్టాయన.

"రూలు ప్రకారం నాశనం చేయాలి," అన్నారు మంత్రిగారు. ఆ గొంతులో ఎంత బాధ! "ఎవరి చేతికిచ్చినా దారిలో తినేస్తారు. ఈ రోజుల్లో మనుషుల్ని నమ్మలేం. ఆ భారం నేనే మోస్తాను."

పొట్లాలు పట్టుకుని ఆయన ఒక్కరే కారెక్కారు. డ్రైవర్ని దిగిపొమ్మన్నారు. అద్దాలు పైకెత్తుకున్నారు. పావుగంట తర్వాత దిగితే మీసానికి క్యారెట్ పోగు ఒకటి అంటుకుని ఉంది. నాశనం చేయడం అనుకున్నంత తేలిక కాదని నాకప్పుడు అర్థమైంది.

మా అమ్మాయి రిజిస్టరు తెరిచింది. నంబరు, తేదీ, నాశనం చేసినవారి సంతకం, చివర ఇంకో కాలమ్.

"నాశన విధానం అని ఉంది సార్. ఏం రాయమంటారు? కాల్చడమా, పూడ్చడమా?"

మంత్రిగారు ఆలోచించారు. చిన్న తేన్పు వచ్చింది.

"అంతర్గతం అని రాయమ్మా."

"చిత్తం," అన్నారు చిత్తంగారు.

మంత్రిగారు సంతకం పెట్టారు. పక్కనే నూనె వేలిముద్ర కూడా పడింది. అంత పక్కాగా ఉంటుంది ఆయన పని.

బుధవారం నాలుగు కొట్లు తిరిగాం. గురువారం మంత్రిగారు, ఒక్కో రకం ఒక్కటే తీసుకుంటే అధ్యయనం లోతుగా ఉండదని, ఎర్రగా తేలేవి రెండేసి తెప్పించారు. ఒకటి నాశనం చేయడానికి, రెండోది మొదటిది సరిగా నాశనమైందో లేదో సరిచూసుకోవడానికి. ఆకుపచ్చవి మాత్రం ఆయన ముట్టలేదు. "శాకాహారం ప్రజల సొత్తు," అని నాకూ డ్రైవర్‌కీ ఇప్పించేశారు. టోఫు, వంకాయ, పుట్టగొడుగులు, అన్నీ ప్రజలం తిన్నాం. బాగున్నాయి. అయినా ఎందుకైనా మంచిదని ప్రతిదాని తర్వాతా ఒక మాత్ర వేసుకున్నాను.

ఆ రోజు కారు వైపు చూస్తూ మా అమ్మాయిని అడిగాను.

"ఏమే, ఆయన అవన్నీ ఏం చేస్తున్నారే?"

"రిజిస్టర్లో రాశాగా అమ్మా. అంతర్గతం."

"అంటే?"

"లోపల."

"కారు లోపలా?"

"ఇంకా లోపల."

పుట్టుకతో శాకాహారి, ప్రజల కోసం ఇంత పనికి ఒడిగట్టారా! పైగా ఇంట్లో అన్నం మానేశారని వాళ్లావిడ బెంగపెట్టుకుందట. ఉండబట్టలేక వెళ్లి కారు అద్దం మీద కొట్టి, అరుగుదల పొడి, వేణ్ణీళ్లు అందించాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరోజు అన్నింటిలోనూ మిర్చి ఎక్కువే.

"అమ్మగారూ, మీలాంటి తల్లులుంటే ఏ ప్రభుత్వమూ పడిపోదు," అన్నారు.

శుక్రవారం నేను భయపడినంతా అయింది. మా అమ్మాయికి జలుబు చేసింది. పొద్దున్నుంచీ ముక్కుకి ఏదీ అందడం లేదు. చిత్తంగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. మంత్రిగారు మాత్రం చలించలేదు. "పరికరం పనిచేయనప్పుడు అనుమానం ఉన్నవన్నీ ఎర్రవే," అని నిలబడ్డచోటే ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఒక్కరోజే పదహారు నాశనమయ్యాయి. టోఫు మీద మాత్రం ఆయనకు ఎందుకో అనుమానం రాలేదు.

శనివారం ఆఖరి కొట్టు. మాకంటే ముందే కెమెరాలు వచ్చాయి. నడిపేది ఒక వియత్నాం మామ్మగారు. ముప్పై ఏళ్లుగా అదే కొట్టు, అవే మూడు బల్లలు. మొదటినుంచీ ఆమె మాంసం వాడదు. మెనూలో ఆరే రకాలు. రాత్రంతా ఆవిరి పట్టించి నేను మా అమ్మాయి ముక్కును కొత్తదానిలా చేసి తెచ్చాను. అది ఆరూ వాసన చూసింది. ఆరింటికీ ఆకుపచ్చ ముద్ర కొట్టింది.

చిత్తంగారు గుసగుసగా, "అమ్మాయ్, ఇంకోసారి చూడు. ఒక్కటైనా ఎర్రది రావాలి కదా. అవతల సార్ ఆకలి... అంటే, కారు సిద్ధంగా ఉంది," అన్నారు.

"అన్నీ ఆకుపచ్చే సార్."

అంతలో ఒక విలేకరి, "మంత్రిగారూ, ముద్ర పడింది కదా. ఒకటి తినండి, ఫోటో తీసుకుంటాం," అంది.

అయిదు రోజుల్లో మొదటిసారి మంత్రిగారు ఆకుపచ్చది చేతిలోకి తీసుకున్నారు. కషాయం తాగే మొహం పెట్టి కొరికారు. నమిలారు. కళ్లు మూసుకున్నారు. మళ్లీ కొరికారు.

"అబ్బబ్బ! అచ్చం పోర్కే!" అన్నారు.

మామ్మగారి మొహం వెలిగిపోయింది. "పుట్టగొడుగులు నాయనా. రెండు రోజులు ఊరబెట్టాను. పోర్కు తిన్నవాళ్లందరూ ఇదే మాటంటారు."

విలేకరి మైకు ముందుకు జరిగింది. "సార్, మీరు పుట్టుకతో శాకాహారి కదా. పోర్కు రుచి మీకెలా తెలుసు?"

చిత్తంగారు నోరు తెరిచారు గానీ చిత్తం కూడా బయటికి రాలేదు. మంత్రిగారు మెల్లగా మూతి తుడుచుకున్నారు.

"తెలియదు. నాకు తెలియని రుచి తగిలింది. నాకు తెలియని రుచి లోకంలో మాంసం ఒక్కటే. కాబట్టి ఇది మాంసమే. ఎర్ర ముద్ర కొట్టి ఈ కొట్టు మూసేయండి." తర్వాత మా అమ్మాయి వైపు చూశారు. "పరికరం చెడిపోయింది. తీసేయండి."

"చిత్తం," అన్నారు చిత్తంగారు. ఈసారి వచ్చింది.

మామ్మగారు చేతిలో కత్తి కింద పెట్టేసింది. మా అమ్మాయి ఏడవలేదు. మెడలో కార్డుని అరచేత్తో మూసుకుంది. 'తాత్కాలికం' అన్నచోటే. అది చూడగానే నాకు భయం ఎంత వచ్చిందంటే, నోరు నా చేతిలో లేకుండా పోయింది.

"అమ్మా విలేకరీ, మంత్రిగారిని అలా అనుమానించకు. పోర్కు రుచి ఆయనకు తెలియకపోవడమేమిటి? ఇప్పటికి నలభై మూడు నాశనం చేశారు! ఇంట్లో అన్నం మానేసి, ఒక్క చేత్తో! ఆయన ఒట్టి మాట చెప్పే మనిషి కాదు, సంతకాలున్నాయి చూడు."

రిజిస్టరు తెరిచి కెమెరాల ముందు పెట్టాను. అంతర్గతం. అంతర్గతం. అంతర్గతం. నాలుగు పేజీలు. పక్కన సంతకం, సంతకం పక్కన నూనె వేలిముద్ర.

"ఆయన పోర్కులా ఉందన్నారంటే అలాగే ఉంటుంది. కానీ మా అమ్మాయి ముక్కు బాగానే ఉందమ్మా. జలుబు చేసిన శుక్రవారం తప్పిస్తే, అవన్నీ ఏరి ఆయనకిచ్చింది ఆ ముక్కే."

మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపమనో కానివ్వమనో తెలియలేదు.

ఆదివారమంతా పోలీసుల కోసం ఎదురుచూశాను. జైలుకని రెండు జతల బట్టలు, టూత్‌పేస్టు, మాత్రలు సర్దుకున్నాను. సోమవారం పొద్దున టీవీలో మంత్రిగారు కనిపించారు. "తినడం వేరు, నాశనం చేయడం వేరు. నేను తినలేదు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పొగ లేని, గొయ్యి అక్కర్లేని ఇంత శుభ్రమైన పద్ధతిని మిగతా శాఖలూ పాటించాలని నిర్ణయమైందట. ఆ అనుభవాన్ని గుర్తించి మంత్రిగారికి ఇంకో శాఖ కూడా అప్పగించారు.

మామ్మగారి కొట్టు మూయలేదు. ఆకుపచ్చ ముద్ర, ఎర్ర ముద్ర రెండూ పడ్డ కొట్టుని ఏ రూలు కింద మూయాలో ఎవరికీ తెలియలేదు. ఆమె గుమ్మం మీద కొత్త బోర్డు పెట్టింది: 'మంత్రిగారికి తెలియని రుచి.' ఇప్పుడక్కడ బల్ల దొరకడం కష్టం.

సాయంత్రం మా అమ్మాయి కొత్త కార్డు వేసుకుని వచ్చింది. అందులో ఇప్పుడు దాని పేరే పెద్దది. రిజిస్టరు నడపడం తెలిసిన మనిషి శాఖ మొత్తానికి ఇదొక్కతే అని పర్మనెంట్ చేశారట. దాన్ని పట్టుకుని కాసేపు ఏడ్చాను. కళ్లు తుడుచుకున్నాక భయం మళ్లీ వచ్చింది.

"ఏ సెక్షన్లో వేశారే?"

"మంత్రిగారి కొత్త శాఖలో. అక్రమ మద్యం. పట్టుబడ్డ సీసాలన్నీ మా దగ్గరికే వస్తాయి."

సంచిలోంచి కొత్త రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. ప్రెస్సులో వేయించిన మంచి అట్ట. రాసే శ్రమ లేకుండా చివరి కాలమ్‌లో పైనుంచి కిందివరకూ 'అంతర్గతం' అని అచ్చేసే ఉంది.

"అన్ని సీసాలూ నువ్వే వాసన చూడాలా? తల తిరిగి పడిపోతే?"

"భయపడకమ్మా," అంది మా అమ్మాయి. "ఈసారి పరీక్ష లేదు. నేరుగా నాశనమే."