మొద్దు బిట్టే మేలు!

గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లు బిట్టు కొనబోతున్నారా? అయితే నా మాట వినండి. షాపులో అన్నిటికన్నా చవకది ఏదో అడిగి, అదే కొనండి! నాణ్యత, నాణ్యత అంటూ జనం ఊరికే జేబులు చించుకుంటున్నారు. ఏడాదికో ఫొటో, రెండేళ్లకో అద్దం తగిలించుకునే సంసారులం మనం. ఎప్పుడో ఒకప్పుడు వాడేదానికి గట్టి బిట్టెందుకు? మనమేమైనా గుట్టలు తొలుస్తున్నామా?

అనుభవం మీద చెబుతున్నాను. మాది రామన్నపేట. మా అమ్మ నర్సింగమ్మకు మోకాళ్లు పట్టేసి, స్నానాల గదిలో పీట మీంచి లేవడం కష్టమైంది. గోడకో స్టీలు రాడ్డు బిగిస్తే పట్టుకుని లేస్తుంది. నాలుగు రంధ్రాలు, అంతే! రాడ్డు అదే రోజు తెచ్చాను. పక్కింటి వెంకటేష్ డ్రిల్లు మిషన్ ఇచ్చాడు. మా వాడలో మిషన్ ఎవరైనా ఇస్తారు గానీ బిట్లు మాత్రం ఎవరివి వాళ్లవే, టూత్‌బ్రష్‌ల లాగా.

హార్డ్‌వేర్ షాపు రామచంద్రం ఒక బిట్టు తీసి చూపించాడు. "మీది పాత రాతి గోడ గద సారూ. గిది తీస్కపోండ్రి. కొనకు గట్టి ముక్క అతికిచ్చి ఉంటది. ఒక్కటే చాలు."

ఒక్కటా! ఆ ధరకు ఆన్‌లైన్‌లో డబ్బా నిండా వస్తున్నాయి, పైగా డబ్బా ఫ్రీ. నేనేమన్నా పిచ్చివాణ్నా?

డబ్బా వచ్చింది. అన్నీ బంగారు రంగు, చూడముచ్చటగా ఉన్నాయి. మొదటిది ఆనించగానే పొగ లేచింది గానీ గోడకు ఈగ వాలినంత గుర్తు కూడా పడలేదు. ఇదెంత లాభమో గమనించారా? మంచి బిట్టయితే గోడ పాడయ్యేది! రెండోది వంగింది. ఇంకొకటి ఎర్రగా కాలి, ఊడి బకెట్లో పడి చుయ్‌మంది. వేడి నీళ్లకు గీజరు ఖర్చు తప్పింది!

ఒకటి మాత్రం నాలుగు చోట్లా కాస్త లోపలికి దిగి మొద్దుబారింది. మొద్దుబారితే పారేస్తామా? కొడవలిని పారేస్తున్నామా? నేరుగా కమ్మరి కాటమయ్య కొలిమికి పట్టుకుపోయాను.

"గిది నిప్పుల పెట్టేది గాదేమో సారూ," అని నసిగాడు కాటమయ్య.

"నేను చెప్తున్న గద, పెట్టు!"

పెట్టాడు. దీనికీ కొనకు ఏదో ముక్క అతికించి ఉన్నట్టుంది, అది కాస్తా ఊడి బూడిదలో కలిసిపోయింది. నా చేతికి ఇనుప పుల్ల మిగిలింది.

ఈలోగా అమ్మ? గోడ తడుముకుంటూ, బకెట్ అంచు పట్టుకుంటూ, కుదరనప్పుడు "మంజులతా, జర చెయ్యియ్యి బిడ్డా" అని నా భార్యను పిలుస్తూ లేస్తోంది. ఈ వయసులో ఇంత వ్యాయామం ఏ జిమ్ములో దొరుకుతుంది చెప్పండి!

మంజులతకు ఇదేం అర్థం కాదు. "అత్తమ్మ కింద పడ్డంక తెస్తవా మంచి బిట్టు?" అని ఒకరోజు లేచింది నా మీద.

"ఆఫర్ వస్తాంది, జర ఆగరాదు," అన్నాను. ఇల్లాళ్లకు పొదుపు గురించి ఎంత చెప్పినా తలకెక్కదు.

చివరికి డబ్బాలో మిగిలిన, చెక్కకు వాడే బిట్టుతో, సగం దిగిన రంధ్రాల మీదే పంతం పట్టాను. మిషన్ వణికింది, నేను వణికాను, రంధ్రాలేమో కుంకుమ భరిణెలంత అయ్యాయి. స్క్రూల కోసం రంధ్రాల్లో పెట్టిన ప్లాస్టిక్ ప్లగ్గులు వదులైతే అగ్గిపుల్లలు కుక్కాను. రాడ్డు నిలబడింది! ఆనందం పట్టలేక వాడ వాళ్లందరినీ పిలిచాను. "మా అమ్మ కంటె ముందు నేనే పట్టుకొని చూపిస్త, చూడుండ్రి!" అని పీట మీద కూర్చుని, రాడ్డు పట్టుకుని లేచాను.

రాడ్డు నాతోపాటే వచ్చింది. ఇద్దరం కలిసే పడ్డాం.

బొక్కలు విరగలేదన్నారు దవాఖానలో. కానీ నడుము పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అబ్బా, పగవాడికి కూడా వద్దు ఆ బాధ! ఆటోలోంచే రామచంద్రానికి ఫోన్ కొట్టాను. "అన్నిట్ల కంటె గట్టి బిట్టు పంపు. ధర అడుగుతలేను. జల్ది పంపు!"

ఇంటికి చేరేసరికి బిట్టు వచ్చేసింది. వెంకటేష్ కొంచెం పక్కకు జరిపి కొత్త రంధ్రాలు వేశాడు. చాయ్ చల్లారేలోపు రాడ్డు బిగిసిపోయింది.

అమ్మ మెల్లగా నడిచొచ్చి రాడ్డును గట్టిగా గుంజి చూసింది. కదల్లేదు. నా చేయి తీసి దాని మీద పెట్టింది.

"మంచిగ కుదిరింది కొడుకా. నువ్వు పట్టుకొని లెవ్వు. నాకు గోడ అలవాటైంది తియ్."