లింగమూర్తి విమానంలో ఇద్దరికే జాగ

ఆదివారం తెల్లారేసరికి లింగమూర్తి మూడు మజిలీల ప్రయాణానికి తయారయ్యాడు. ఇరవై రెండేళ్లుగా బస్సు కండక్టరు. ఎప్పుడూ వేరొకరు తిప్పే స్టీరింగు వెనకే నిలబడ్డ మనిషి, ఈమధ్య కంప్యూటర్లో విమానం నడిపే ఆట నేర్చుకున్నాడు. రన్‌వేతో పనిలేని చిన్న విమానం అది. చెలకల్లో, ఇసుకలో, మట్టిబాటల్లో ఎక్కడైనా దిగుతుంది. డ్యూటీలో టికెట్లు కొడుతున్నా అతని మనసు మబ్బుల్లోనే ఉండేది.

రెండు రోజుల ముందు ఆ ప్రయాణాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. "ఆదివారం ఏడింటికి సిద్దిపేట నుంచి. మొదట వర్గల్. తర్వాత వేములఘాట్, నీళ్ల ఒడ్డున దిగుట. చివరికి ఇబ్రహీంపూర్. ఇద్దరికే జాగ. సామాను తక్కువ."

భార్య వనజ అది చదివి, ఏళ్లుగా అడుగుతున్న షికారు ఇన్నాళ్లకు కుదిరిందనుకుంది. రెండో జాగ తనదే. భర్త నోరు విప్పి చెప్పకపోవడం కూడా ముచ్చటగానే తోచి, తానూ అడగలేదు. తమ్ముడు దినేశ్‌కు మాత్రం ఫోన్ చేసింది. వర్గల్ గుడి అనగానే దినేశ్ భార్య సుచిత్ర తానూ వస్తానంది. వేములఘాట్ అనగానే వనజ తల్లి యాదవ్వ చీరలు తీసి చూసుకుంది. రిజర్వాయరులో మునిగిన ఆ ఊరే ఆమెది. ఇద్దరి జాగ చాలదని దినేశ్ పన్నెండు సీట్ల వ్యాను మాట్లాడాడు. సీట్లు ఖాళీగా పోవడమెందుకని వాడకట్టువాళ్లు ఆరుగురు ఎక్కారు.

ఏడుంబావుకు లింగమూర్తి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెల్లటి మబ్బుల్లో తేలుతున్నాడు. ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే పట్టుచీరలో వనజ, చేతిలో పులిహోర డబ్బా, వెనక గుమ్మం నిండా జనం.

"బావా, బండి వచ్చింది, లే," అన్నాడు దినేశ్.

"ఏం బండి? నేను బయల్దేరి పావుగంటాయె."

వనజ తెరవైపు చూసింది. "ఇద్దరికే జాగ అని రాస్తివి గదా. ఆ రెండోది ఎవలది?"

లింగమూర్తి ఆలోచించి నిజమే చెప్పాడు. "విమానంల రెండే సీట్లుంటయి. గంతే."

వనజ డబ్బాను బల్లమీద పెట్టిన చప్పుడుకు విమానం కూడా కాస్త వంగినట్టు అనిపించింది.

"మరి వర్గల్ గుడి?" అంది సుచిత్ర.

"గిప్పుడే దాటినం."

జనాన్ని తప్పించుకుంటూ యాదవ్వ వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది. "అల్లుడా, గిది వేములఘాట్ పోతదా?"

"ఆడ నీళ్లే ఉంటయి అత్తమ్మా."

"నీళ్లే చూపియ్."

విమానం మెల్లగా తిరిగింది. కింద చెరువులు, పొలాలు, బాటలు జారిపోతున్నాయి. వాడకట్టువాళ్లు కుర్చీల వెనక్కి చేరారు. చివరి మబ్బు తొలగేసరికి కింద రోడ్లున్నాయి, ఇళ్లున్నాయి, చెట్లున్నాయి.

"నీళ్లేవి బావా?" అన్నాడు దినేశ్.

ఆ ఆటలో కనిపించే నేల, రిజర్వాయరు కట్టకముందు పైనుంచి తీసిన ఫోటో. మునిగిన ఊరు మునగకుండా, ఎండలో తీరిగ్గా పడుకుని ఉంది.

యాదవ్వ వేలు తెరకు ఆనింది. "ఎడమకు తిప్పు బిడ్డా. గదే బడి. ఇగ మెల్లగ, పోచవ్వ ఇంటి గోడ తగుల్తది. ఆఁ, గీడ ఆపు."

స్టేజీ కానిచోట ఎన్నడూ బస్సు ఆపనివ్వని లింగమూర్తి, ఆమె చెప్పినచోటే విమానం దించాడు. రెక్క ఒక చెట్టు కొమ్మను రాసుకుని, ఒక పాత ఇంటి ముందు ఆగింది. అలిగి అవతల నిలబడ్డ వనజ ఎప్పుడు వచ్చిందో, అతని కుర్చీ పట్టుకుని వంగింది.

"అవ్వా, మనిల్లు," అంది.

కాసేపాగి లింగమూర్తి గడియారం చూసుకున్నాడు. "ఇగ లేద్దామా అత్తమ్మా? ఇంకో ఊరు పోవాలె."

"మీరు పోయి రాండ్రి," అంది యాదవ్వ, తెరమీంచి కళ్లు తిప్పకుండా. "నేను ఈడనే ఉంట."

లింగమూర్తి ఇంజను ఆపేశాడు. ఆ విమానానికి అదే ఆఖరి స్టేజీ అయింది.