భాగ్యమ్మ ఫోన్ ముట్టని పొద్దు

పొద్దున లేవగానే ఫోన్ ముఖం చూసేది లేదని భాగ్యమ్మ శుక్రవారం సాయంత్రమే తీర్మానించుకుంది. ఆత్మకూరు దగ్గరి ఆ ఊళ్లో పదిమంది ఆడకూలీలకు ఆమే పెద్ద. ఏ రైతుకు మనుషులు కావాలన్నా ఆమెకే చెబుతాడు. ఫోన్లు లేని రోజుల్లో సాయంత్రం చెప్పిన మాట తెల్లారేదాకా నిలిచేది. ఇప్పుడు కోడి కూయకముందే మారుతోంది. "రావద్దు", "ఇద్దరే రాండి", "ఇయ్యాల కాదు, ఎల్లుండి". సద్ది కట్టుకుని బయలుదేరిన పదిమందీ మళ్లీ ఇంటిముఖం పట్టాలి. ఆ వారంలో అలా మూడు రోజులు పోయాయి.

"మనం మనుషులమా, ఫోన్ల బటన్లమా? నొక్కంగనే ఆగాల్నా?" అని ఆమె భర్త పెంటయ్య మీద లేచింది, తప్పంతా అతనిదే అయినట్టు. "సాయంత్రం చెప్పిన మాటే మాట. రేపు తెల్లారి నేను ఫోన్ ముట్ట."

శనివారం పెంటయ్య చీకటితోనే మేకలు తోలుకుని పెబ్బేరు సంతకు పోయాడు. భాగ్యమ్మ రొట్టెలు చేసుకుని, ముందు తలుపుకు లోపల గడియ పెట్టి, దొడ్డితలుపుకు తాళం వేసి వెళ్లబోయింది. మంచం మీద ఫోన్ మోగింది.

"మొత్తుకో," అని దానికి చెప్పి వెళ్లిపోయింది.

మొత్తుకున్నది హన్మంతు. కళ్లంలో ఎండుతున్న మిరపకాయలను సంచులకెత్తాలని నిన్న సాయంత్రం కూలీలను పిలిచింది ఆయనే. రాత్రి పనిమీద వనపర్తి పోయి, అక్కడ లేచీ లేవగానే ఫోన్‌లో వాతావరణం చూశాడు. నాలుగు రోజులు ఎండేనని ఉంది. ఇంకో రెండెండలు తగలనిద్దామని, రావద్దని చెప్పడానికి భాగ్యమ్మకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పదిసార్లు చేసి, చివరికి పెంటయ్యకు చేశాడు.

"నీ ఇంటామె ఫోన్ ఎత్తుతలేదేంది? ఎన్నడూ గిట్ల చెయ్యది."

పెంటయ్యకు భార్య తీర్మానం గుర్తు రాలేదు, భయం మాత్రం వచ్చింది. పక్కింటి ఏసమ్మకు ఫోన్ చేసి, "జర పోయి చూడు చెల్లే," అన్నాడు.

ఏసమ్మ పోయి తలుపు బాదింది. లోపలి గడియ. లోపల ఫోన్ మోగుతోంది, మనిషి పలకడం లేదు. ఆమె కేకకు నలుగురు చేరారు. దొడ్డివైపు చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. గడ్డపార పెట్టి తలుపు ఊడబెరికితే, మంచం మీద ఫోన్ ఒక్కటే ఉంది.

"అన్నా, తలుపు పగలగొట్టినం," అని ఏసమ్మ పెంటయ్యకు చెప్పింది. "వదిన లేదు."

సంత గోలలో, మేకల అరుపుల్లో పెంటయ్యకు చివరి రెండు మాటలే వినపడ్డాయి. మేకలను పక్కనున్నతనికి అప్పగించి హన్మంతుకు ఫోన్ చేశాడు. "అన్నా, భాగ్యమ్మ లేదంట," అని గొల్లుమన్నాడు.

హన్మంతు మోటారు సైకిలెక్కి, దారి పొడుగునా "పాపం, మంచి మనిషి" అనుకుంటూ వచ్చాడు. ఊరి ముందరే ఆయన కళ్లం. అక్కడ ఆ మంచి మనిషి ఆఖరి సంచి మూతి కుడుతోంది. బండి ఆపకుండానే దిగబోయి బోర్లా పడ్డాడు.

"నువ్వు బతికే ఉన్నవా?"

"ఏం, నీకేమన్న కష్టమాయెనా?"

ఆయన సంతోషం ఖాళీ కళ్లం కనబడేంతవరకే. "నా మిరపకాయలు ఎవరు ఎత్తుమన్నరు?"

"నువ్వే. నిన్న పొద్దుమూకంగ, గీన్నే నిలబడి."

"పొద్దుగాల వద్దందామని పదిసార్లు చేస్తి గద! ఫోన్ చూడలే?"

"చూడలే. నోటితోని రమ్మన్నోడివి నోటితోనే వద్దనాలె. పదిమంది ఆడోళ్లు సద్ది కట్టుకుని నీ ఫోన్ దిక్కు చూస్తుండాల్నా?"

"నాలుగు దినాలు ఎండున్నదే తల్లీ! మళ్ల పరువుండ్రి అన్నీ!"

"పరుస్తం. గది ఇంకొక దినం పని, ఇంకొక కూలి."

అప్పుడే ఆటోలో ఏడుస్తూ దిగిన పెంటయ్యకు, నడుము మీద చేతులు పెట్టుకుని అరుస్తున్న భార్య కనబడింది. ఆ అరుపు వింటే ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని, జరిగిందంతా చెప్పాడు. భాగ్యమ్మకు అంతటిలోనూ ఒక్కటే వినపడింది.

"నా తలుపు పగలగొట్టిచ్చినవా?"

అంతలో పడమట ఉరిమింది. కూలీలు పరుగున పోయి సంచుల మీద టార్పాలిన్ లాగారు. గంటసేపు కుండపోతగా కురిసింది. చుట్టుపక్కల కళ్లాల్లో మిరపకాయలు నీళ్లలో తేలాయి. హన్మంతువి ఒక్క కాయ తడవలేదు. ఆయన ఒక మంచిమాట అంటాడేమోనని భాగ్యమ్మ చూసింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. అందులో ఇంకా ఎండే కాస్తోంది.

సాయంత్రం తలుపు బాగుచేసే వడ్లాయన కోసం పోతూ భాగ్యమ్మ చాయ్ హోటల్ ముందు ఆగింది. లోపల హన్మంతు గొంతు.

"వాన వస్తదని నాకు పొద్దుగాలనే తెలుసు. కూలోళ్లను జల్ది తోలి ఎత్తిపిచ్చిన."

వింటున్నవాళ్లంతా మెచ్చుకోలుగా తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపినవాడు పెంటయ్య.