నా మోచేతి మహిమ

గౌను చేతులకు మణికట్టు దాకా గుడ్డ అతుకుతుంటే ఒక సంగతి తట్టింది. ఆడపిల్లల బట్టల మీద మా చర్చి సంఘ పెద్దలు పెట్టిన కొత్త రూలు శిక్ష కాదండీ, సన్మానం!

పోయిన ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించే అన్న రెండో చరణం దగ్గర తాళం తప్పాడు. పెద్దలు గదిలో కూర్చోబెట్టి అడిగితే, ముందు వరసలో పాడుతున్న నా మోచెయ్యి చూసి మనసు చెదిరిందని కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు. తీర్పు వెంటనే వచ్చింది. అన్నకు ప్రార్థన. నాకు పొడుగు చేతులు, స్తంభం వెనక చోటు. ఏడు వారాలుగా సాధన చేసిన పాట, మొదటిసారి నేనొక్కదాన్నే పాడబోయే పాట, ఇక స్తంభానికి వినిపించుకోవాలి.

ఏడ్చానా? లేదు! అద్దం ముందు ఆ మోచేతిని మెలితిప్పి చూసుకున్నాను. కుట్టుమిషను బల్లకు ఆనీ ఆనీ కాయ కాసింది. పక్కనే ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. ఇరవై నాలుగేళ్ళుగా నా మొహానికి చేతకాని పని ఈ ముడతల తోలు చేసేసిందే! ఉపవాసాలతో చిక్కి సగమైన మనిషిని ఒక్క దెబ్బకు పడగొట్టిందే! ఇంత శక్తి పెట్టుకుని రోజూ బస్సులో నిలబడి వెళ్తున్నానా నేను? మోచెయ్యి చూపిస్తే నాలుగు సీట్లు ఖాళీ కావూ!

ప్రభువు మాత్రం, చూపు దారి తప్పితే ఎవరి కంటి సంగతి వాళ్ళే తేల్చుకోమన్నాడు. ఎదుటివాళ్ళ గౌను చేతులు కొలవమనలేదు. అప్పట్లో టేపులు దొరికేవి కావేమో!

అందుకే మిగిలిన గుడ్డతో ఇంకొకటి కూడా కుట్టాను.

గౌను పట్టుకెళ్ళి పెద్దలకు చూపించాలని నాన్న వచ్చాడు. నాన్న కూడా ఆ పెద్దల్లో ఒకడే.

“అయిందా అమ్మడూ?”

“అయింది నాన్నా. ఇది కీబోర్డు అన్నకివ్వు.”

“ఏంటే ఇది?”

“కళ్ళకు గంతలు. వెనక ముడేసుకోడానికి దారాలు కూడా పెట్టా.”

“పిచ్చిదానా! ఇది కట్టుకుని నలుగురిలో ఎలా కూర్చుంటాడే?”

“స్తంభం వెనక నేను నిలబడట్లా? అలాగే.”

నాన్న గౌనును బల్ల మీదే వదిలేశాడు. గంతలు మాత్రం మడిచి బైబిల్లో పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.