కీర్తికాదేవి వయోద్వార రక్షణము

సహృదయులారా, చెవియొగ్గి వినుడు. వాన వెలిసిన శనివారపు అపరాహ్ణవేళ, సెంబవాంగ్ మహాపురమందు, గగనచుంబి సౌధపు పన్నెండవ అంతస్తున, పెళ్లయి నలభై దినములైనను నిండని కీర్తికాదేవి హస్తమందు ఫోను మంగళధ్వని చేసెను. ప్రోగ్రామింగ్ తరగతిలో ఆమెకు సీటు దొరికెను! నియమ మొక్కటే: వయసు అడుగు ప్రోగ్రామును వ్రాసి, పరాయివారొకరిచే వాడించి, అది కూలక నడచినట్లు రుజువుతో సాయంత్రము ఆరింటిలోపు పంపవలెను. లేనిచో సీటు అన్యులపాలు.

ఒకటికి తక్కువైనను, నూటయిరువది దాటినను వెనుకకు నెట్టు రెండు షరతులను ఆమె ద్వారపాలకులుగా నిలిపెను. పతిదేవుడు కౌశికుడు మైనస్ అయిదును ప్రయోగించెను, అది తిరిగివచ్చెను. తొమ్మిదివందలు ప్రయోగించెను, అదియు భగ్నమయ్యెను. విజయగర్వమున ఆమె భర్త ముక్కు గిల్లెను.

"ఎదురింటి సుధాకరరావు అంకుల్ని పిలవనా?" అని కౌశికుడడిగెను.

"పిలువు. ఆయన్ని తట్టుకుంటే ఇంకెవర్నైనా తట్టుకుంటుంది."

ఆ మహానుభావుడు వచ్చి, కళ్లజోడు సవరించి, ఏకాంగుళీ విన్యాసమున "61 రన్నింగ్" అని కొట్టెను. తత్క్షణమే ప్రోగ్రాము రక్తాక్షరములు కక్కుచు నేలకొరిగెను.

"నంబరొక్కటే కొట్టాలి అంకుల్."

"నంబరేగా కొట్టింది? అరవై నిండినయ్, అరవై ఒకటి నడుస్తోంది. ఉత్త అరవై అంటే వయసు దాచినట్టు, ఉత్త అరవై ఒకటంటే అబద్ధం."

కీర్తిక నివ్వెరపోయెను. తన ద్వారపాలకులు చిన్నదా, పెద్దదా యని చూచిరేకాని, వచ్చినది అసలు అంకెయేనా యని అడుగనే లేదు! గడియారమున అయిదూ నలభై.

"ఇటివ్వు, రెండు నిమిషాల్లో రాసేస్తా," అని కౌశికుడు చేయి చాచెను.

"దూరము తొలగుము, ప్రాణనాథా! ఈ సీటు నాది, ఈ తప్పు నాది, దీని దిద్దుబాటును నాదియే!" యని ఆమె అంతరంగము గర్జించెను. పైకి మాత్రము "చెయ్యి తియ్యి కౌశిక్, నా హోంవర్కు," అనెను.

'అంకెలు తప్ప మరేదున్నను మరల అడుగు' మను మూడవ షరతును ఆ ఇరువురికి ముందు నిలిపెను. అంకుల్ పట్టు విడువక ముమ్మారు "61 రన్నింగ్" సంధించెను. ముమ్మారును తెర చెక్కుచెదరక "అంకెలు మాత్రమే కొట్టండి" అని బదులిచ్చెను.

"నీ మొహం చూసి ఏడాది తగ్గుతున్నా," అని ఆయన నిట్టూర్చి అరవై కొట్టెను. "ధన్యవాదాలు" అని తెర పలికెను.

అయిదూ యాభై ఎనిమిదికి పంపగా, ఆరింటికి సీటు ఖాయమను వార్త వచ్చెను. ఇట్లు కీర్తికాదేవి ఒక పెట్టెలో ఒక అంకెను ప్రతిష్ఠించి దిగ్విజయము సాధించెను!

"రేపు పదింటికి రండి అంకుల్, టిఫిన్ ఇక్కడే. రేపు పుట్టినతేదీ అడిగిస్తా."

"సర్టిఫికెట్‌లోదా అమ్మాయ్, అసలుదా?"