రోజుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ

ఆ శనివారం పొద్దున సాయిశ్రీనివాస్, నవత వేసుకున్న పథకం చాలా చిన్నది. శ్రీనివాస్ తండ్రి సుబ్బరామయ్యగారు రైతు బజారు నుంచి తిరిగొచ్చేలోగా ఆయన కారుకి చక్రాలు మార్పించుకుని రావాలి. అంతే.

వాళ్ళకు పెళ్ళయి యాభై మూడు రోజులైంది. శ్రీనగర్ కాలనీలోని ఆ ఇంట్లో కొత్త దంపతులు నవ్వుకోవడానికి వీలైన చోటు ఒక్కటే, మామగారి తెల్ల ఫియట్. అది శ్రీనివాస్ కంటే పదిహేనేళ్ళు పెద్దది. రోజూ అతను ఆఫీసు నుంచి రాగానే ఇద్దరూ అందులో జూబ్లీహిల్స్ ఎక్కి, ఒక కప్పు ఐస్‌క్రీం రెండు చెంచాలతో తిని వచ్చేవారు. చిక్కంతా ఎత్తు దగ్గరే. సగం ఎక్కేసరికి బండి మూలిగి ఆగిపోయేది. నవత దిగి, చీర కుచ్చిళ్ళు దోపుకుని తోసేది. ఆమెకు అదీ సరదాగానే ఉండేది. వెనక హారన్ కొట్టేవాళ్ళకే ఉండేది కాదు.

"టైర్లు పెద్దగున్నయి, అందుకే ఎక్కుతలేదు," అంది ఇంజనీరింగ్ చదివిన నవత. "చిన్నయి ఏస్తే ఇంజనుకు పని అల్కగైతది. మా యూసుఫ్‌గూడల భిక్షమన్న ఉన్నడు. చిన్నప్పుడు నా సైకిల్ గూడ ఆయనే బాగుచేసేటోడు."

"నాన్నకి తెలిస్తే తాళం లాక్కుంటారు నవతా. ఆ బండికి సీటు కవర్లు మార్చడానికే ముహూర్తం పెట్టించారాయన."

"మామయ్య టైర్లు ఎన్నడన్న చూస్తడా? చూసేది మీటరే గదా!"

అది నిజమే. సుబ్బరామయ్య ముప్ఫై రెండేళ్ళు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. యూనిట్ కారు పొద్దున బయలుదేరేటప్పుడూ తిరిగొచ్చాకా మీటరు రాసుకునేవారు. హీరోయిన్‌గారి మేనమామ ఆ కారులో ఎక్కడెక్కడ తిరిగాడో, డ్రైవరు నోరు విప్పకుండానే చెప్పేసేవారు. రిటైరైనా చెయ్యి ఊరుకోలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫియట్ మీటరునీ రోజూ నోట్‌బుక్కులో రాస్తూనే ఉన్నారు.

భిక్షం కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "బావా, గీ చిన్నయి ఏసినంక సూడు, మేకపిల్ల లెక్క గుట్టలెక్కుతది. పాతయి నా కాడనే పెడ్త, ఫికర్ చెయ్యకు," అని రిమ్ములతో సహా నాలుగూ మార్చేశాడు. డిక్కీలోని అయిదో చక్రం జోలికి పోలేదు. కారు కాస్త కిందికి దిగి, మఠం వేసుకుని కూర్చున్నట్టుంది. నవత చప్పట్లు కొట్టింది. "అయ్యో, ఎంత ముద్దుగుందో! పాపాయికి కొత్త బూట్లు తొడిగినట్టుంది," అంటూ పదకొండు ఫొటోలు తీసింది.

ఆ సాయంత్రం ఫియట్ ఎక్కడా ఆగకుండా ఎత్తంతా ఎక్కేసింది. ఇద్దరి ఆనందానికీ అంతులేదు. అయితే చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. మీటరు లెక్కపెట్టేది ఆ తిరుగుళ్ళనే. ఇది నవతకు తెలియనిది కాదు. ఆ సమయంలో ఆమె ఐస్‌క్రీం గురించి ఆలోచిస్తోంది.

గచ్చిబౌలిలోని శ్రీనివాస్ ఆఫీసుకు రానూపోనూ ఇరవై ఎనిమిది, సాయంత్రం షికారు పన్నెండు, మొత్తం నలభై కిలోమీటర్లు. సోమవారం మీటరు నలభై నాలుగు చూపించింది. మంగళవారం నలభై నాలుగు. బుధవారం కూడా అంతే వచ్చేసరికి సుబ్బరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రోజూ వెళ్ళే దారి నుంచి పక్కకు తిరిగి ఫిలిం నగర్ వెళ్ళి రావడానికి సరిగ్గా నాలుగు కిలోమీటర్లే. ఇంట్లో చెప్పకుండా మగపిల్లవాడు ఫిలిం నగర్ వెళ్తున్నాడంటే దానికి కారణం ఒక్కటే. వేషం!

సినిమా వేషం కోసం ఫొటోల కవరు పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడి నిలబడి, అక్కడే జుట్టు నెరిసినవాళ్ళని ఎందరిని చూశారు! తన ఇంటివాడు అలా నిలబడకూడదని ఏనాడో ఒట్టు పెట్టుకున్నారు.

గురువారం సాయంత్రం కొడుకుని పిలిచారు. "నాకు తెలీదనుకుంటున్నావా?"

శ్రీనివాస్ చెయ్యి జేబులోని తాళం మీదికి పోయింది. "తప్పే నాన్నా. నవత ముచ్చటపడింది. కాదనలేకపోయాను."

"అమ్మాయి కూడానా! ఎవడు చేయించాడు ఇదంతా?"

"యూసుఫ్‌గూడలో ఒకాయన ఉన్నాడు. చాలామందికి చేశాడట."

"ఎంతదాకా వచ్చింది?"

"నాలుగూ అయిపోయాయి నాన్నా. అయిదోదాన్ని మాత్రం కదపలేదు. అలాగే లోపల పడి ఉంది."

నాలుగు సినిమాలు పూర్తయి, అయిదోది విడుదల కాక మూలపడిందన్న కబురు విని సుబ్బరామయ్య కుర్చీలో కూలబడ్డారు. భార్య శారదాదేవి మంచినీళ్ళు తెచ్చింది. "నిన్నగాక మొన్న పెళ్ళయిన పిల్లలు, వాళ్ళనేమీ అనకండి," అంది, సంగతేమిటో తెలియకుండానే. ఆయన కొడుకుకి చేత్తో 'వెళ్ళు' అని సైగ చేశారు.

"తెలిసిపోయింది. కానీ తాళం అడగలేదు!" అన్నాడు శ్రీనివాస్ గదిలోకి వచ్చి.

"నేను చెప్పలేదా, మామయ్య బంగారమని!" అంది నవత.

బంగారంలాంటి ఆ మామయ్య అప్పటికే ఫిలిం నగర్‌లో ఉండే పాత స్నేహితుడు, మేకప్‌మ్యాన్ ఓంప్రకాష్‌కి ఫోన్ చేస్తున్నారు. "మావాడు నాలుగు సినిమాల్లో వేశాడట, అవేవో గుట్టుగా కనుక్కో." ఓంప్రకాష్ గుట్టుగానే అడిగాడు. టీకొట్టు దగ్గర నలుగురిని అడిగి, నలుగురికీ 'ఎవ్వరికి చెప్పకుండ్రి' అని మరీ చెప్పాడు. శుక్రవారం సాయంత్రానికి ఫిలిం నగరంతా తెలిసిపోయింది. శనివారం పొద్దున్నే ఇద్దరు జిమ్ కోచ్‌లు, ఒక గుర్రపుస్వారీ మాస్టరు, పేరులో ఒక అక్షరం తగ్గిస్తే తిరుగుండదనే జ్యోతిష్కుడు గేటు ముందు నిలబడ్డారు.

"అక్కా, హీరోగారున్నరా?" అడిగాడు ఒక కోచ్.

"హీరో అయితే ఎవ్వరు లేరు. మా ఆయనున్నడు, పిలవాల్నా?" అంది నవత.

ఆదివారం ఓంప్రకాష్ స్వయంగా నిఖిల్ అనే కుర్ర డైరెక్టరును వెంటబెట్టుకొచ్చాడు. అతనికి జనానికి ఇంకా తెలియని ముఖం కావాలట. ఏం జరుగుతోందో అర్థంకాని శ్రీనివాస్‌ని ముందునుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు, ఫ్రిజ్ దాకా నడిపించి వెనక్కి రప్పించాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "సార్, ఏమనుకోవద్దు. ఫేస్ మంచిదే. కానీ బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఒకరిలా ఉన్నారు. హీరో ఫ్రెండ్ వేషానికి కూడా కష్టమే."

ఈ మాటకి సుబ్బరామయ్య హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. ఆయన మాత్రం కాఫీ గ్లాసు టక్కున కింద పెట్టారు.

"ఏంటయ్యా కష్టం? ఆ ముక్కు చూశావా? ముప్ఫై రెండేళ్ళలో అలాంటి ముక్కులు రెండో మూడో చూశాను. ఒరేయ్, అటు తిరుగు. ఆ నుదురు చూడు!"

"నిజమే అన్నా, జర పౌడర్ కొడితే..." అన్నాడు ఓంప్రకాష్.

"పౌడరెందుకయ్యా వాడికి!"

"పోనీ, ఇప్పటికే చేసిన నాలుగు సినిమాల్లో ఏదైనా క్లిప్ చూపించండి సార్," అన్నాడు నిఖిల్.

"సినిమాలా? ఎవరు చేశారు?" అన్నాడు శ్రీనివాస్. నవతకి అంతా అర్థమైంది. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మామయ్యా, నాలుగు సినిమాలు గావు, నాలుగు టైర్లు!" అంటూ అందరినీ కారు దగ్గరికి తీసుకెళ్ళింది. "మరి మీటర్లో రోజుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువెందుకు?" అన్నారు సుబ్బరామయ్య. "దారి గంతనే మామయ్యా. చిన్న టైర్లు గదా, ఎక్కువసార్లు తిరుగుతయి, మీటరు ఎక్కువ చూపిస్తది." తర్వాత నవ్వు తగ్గించి, శ్రీనివాస్ జేబులోంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది. "మీకు చెప్పకుండ మార్చినం. తప్పయింది."

సుబ్బరామయ్య చక్రాల వంక చూశారు, తాళం వంక చూశారు, కొడుకు ముక్కు వంక చూశారు.

"అంటే నువ్వు ఫిలిం నగర్ వెళ్ళనే లేదా?"

"లేదు నాన్నా."

"ఒక్కసారి కూడానా?"

"ఒట్టు నాన్నా."

ఆయన ముఖం వాడిపోయింది. "ఇంత ముక్కు పెట్టుకుని! ఎందుకు వెళ్ళలేదురా?"

తాళం తిరిగి కొడుకు చేతిలోకి వచ్చింది. ఆ పూటంతా నవత గాలిలో తేలింది. మర్నాడు సాయంత్రం జడలో మల్లెలు తురుముకుని వచ్చేసరికి కారు ముందు సీటులో ఇస్త్రీ చొక్కాతో మామగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో శ్రీనివాస్ పెళ్ళి ఫొటోల కవరు. "ఆ నిఖిల్ ఒక్కడేనా డైరెక్టరు? నువ్వు వెనక కూర్చో అమ్మా. పదరా," అన్నారు. ఫిలిం నగర్‌లో మూడు ఆఫీసులు ఎక్కి దిగి, చీకటి పడుతుంటే ఐస్‌క్రీం బండి దగ్గర ఆగారు.

మామగారికి పిస్తా ఇష్టమని నవతకి ఆ సాయంత్రమే తెలిసింది.